తెరమీద ఒక పిల్ల, ఆల్బమ్‌లో ఇంకో పిల్ల: ఒంగోలు స్టూడియోలో మానిటర్ల కేసు

ఒంగోలు ట్రంకు రోడ్డు పక్క వీధిలో ఒక పెళ్ళిళ్ళ స్టూడియో. ఎడిటర్లు ఇద్దరు. ముహూర్తాలున్న నెలల్లో పదీ పన్నెండు ఆల్బమ్‌లు కడతారు. 12×36 అంగుళాల షీట్లు, ప్రింటు బయటి ఊరి ల్యాబ్‌లో. ఒక ఆల్బమ్ చేతికి ఇవ్వగానే పెళ్ళికూతురి మేనమామ అడిగిన మాట: "ఏందన్నా ఇది, మా పిల్ల ఇంత నల్లంగా ఉందా?" ఆయన తెల్లగా చెయ్యమని అడగలేదు, ఉన్న రంగు ఉన్నట్టు రాలేదేమని అడిగాడు. అదే ఆల్బమ్‌లో రిసెప్షన్ పేజీలకు వచ్చేసరికి పట్టుచీర మండిపోతోంది. రాణి రంగు చీరలో కుచ్చిళ్ళు కనబడవు, గులాబీ రంగు ముద్ద ఒకటే.

స్టూడియో వాళ్ళ తీర్పు ముందే అయిపోయింది: ల్యాబ్ వాళ్ళు సరిగ్గా కొట్టలేదు, కాబట్టి ల్యాబ్ మార్చాలి, పనిలో పనిగా ఖరీదైన వైడ్ గామట్ మానిటర్ (మామూలు తెర కన్నా ఎక్కువ రంగులు చూపించేది) ఒకటి కొనాలి. ఈ రెండూ తప్పేనని మేం చేసిన పరీక్షలో తేలింది. అయితే ఆ రెండు రకాల పేజీలే మొదటి ఆధారం. ఒకే ల్యాబ్, ఒకే రోజు, ఒకే కాగితపు రోలు. ముహూర్తం పేజీలు ముదురు కొట్టాయి, రిసెప్షన్ పేజీలు ఎర్ర కొట్టాయి. ల్యాబ్ తప్పైతే మొత్తం ఆల్బమ్ ఒకే వైపుకి లాగాలి. ముహూర్తం ఒక ఎడిటర్ చేశాడు, రిసెప్షన్ ఇంకొకరు చేశారు. తేడా అక్కడుంది.

రెండు సీట్లు

మొదటి సీట్లో 24 అంగుళాల వంపు గేమింగ్ మానిటర్, వీఏ ప్యానెల్ (నలుపును బాగా ముదురుగా చూపించే రకం). బ్రైట్‌నెస్ నూటికి నూరు. ప్రోబ్ (తెర వెలుగునీ రంగునీ కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే తెలుపు 310 నిట్స్ (తెర వెలుగుకు కొలమానం), రంగు ఉష్ణోగ్రత 7600 కెల్విన్, అంటే నీలం వైపు. డైనమిక్ కాంట్రాస్ట్ ఆన్‌లో ఉంది. చీకటి ఫోటో తెరిస్తే ఒకలా, వెలుగు ఫోటో తెరిస్తే ఇంకోలా తనంతట తానే మారుతోంది. ఒక సంగతి మాత్రం గమనించండి: ఈ మానిటర్ ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరలకూ ఫోటోలకూ వాడే ప్రామాణిక రంగుల పరిధి) రంగుల్ని దాదాపు పూర్తిగానే చూపిస్తోంది. గామట్‌కి, అంటే తెర చూపించే రంగుల పరిధికి, వంక పెట్టడానికి లేదు. అయినా ప్రింటు చెడింది.

రెండో సీట్లో లాప్‌టాప్. దాని ప్యానెల్ 45% ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల పరిధి) రకం. ఎస్ఆర్‌జీబీ వైశాల్యం ఎన్‌టీఎస్‌సీలో 72% ఉంటుంది గనక, 45 అంటే ఎస్ఆర్‌జీబీలో సుమారు 62 శాతమే. దీని మీద ఎరుపు ఇటుక రంగులా, రాణి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఎడిటర్ కళ్ళకు చీర చప్పగా ఉంది, శాచురేషన్ (రంగు గాఢత) పెంచింది. తెర చూపించలేని రంగు ఫైల్లోకి మాత్రం పూర్తిగా ఎక్కింది, ల్యాబ్ మెషీన్ దాన్ని అలాగే కొట్టింది. పైగా లాప్‌టాప్ మూత నాలుగు వేళ్ళు వెనక్కి వంచితే అదే ఫోటో ఇంకో ఫోటో అవుతుంది.

గది కూడా సాక్షే. పడమటి కిటికీ, పరదా లేదు, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ టేబుల్ మీదికి వస్తుంది. ఎడిటర్ల వెనక గోడ చిలకపచ్చ. ఆ పచ్చ వెలుగు తెరమీద పడి తిరిగొస్తుంటే కన్ను తెలియకుండానే మెజెంటా కలుపుతుంది. పైన కూల్ డేలైట్ ట్యూబ్‌లు, 6500 కెల్విన్, సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే మార్కు, నూటికి) 80 లోపు. ఇలాంటి ట్యూబుల కింద ఎరుపు, చర్మం రంగు పాలిపోయినట్టుంటాయి. అంటే ప్రింటు వచ్చాక దాన్ని చూసి తీర్పు చెప్పడానికి కూడా ఆ గదిలో సరైన వెలుగు లేదు.

ల్యాబ్‌ను ముందు పరీక్షించాలి

మానిటర్ జోలికి పోయే ముందు కంట్రోల్ షీట్ (ల్యాబ్‌ను పరీక్షించే నమూనా ప్రింటు) ఒకటి వేయించాం. ఎవరైనా మొదట చెయ్యాల్సింది ఇదే. ఖర్చు రెండు షీట్ల ధర.

12×36 సైజులో, 300 డీపీఐలో, అంటే 10800×3600 పిక్సెళ్ళ ఫైలు. ప్రొఫైల్ (ఫైల్లోని అంకెలు ఏ రంగుల్ని సూచిస్తాయో చెప్పే చీటీ) ఎస్ఆర్‌జీబీ, ఫైల్లోనే పొదిగి పంపాలి. పైన బూడిద రంగు గళ్ళు 18, విలువలు 0 నుంచి 255 దాకా 15 చొప్పున పెరుగుతాయి. కింద మూడు ఫోటోలు. మూడూ ఈ జిల్లా సరుకే, ఒక్కోటీ ఒక్కో పరీక్ష.

ఒకటి, బండలాగుడు పోటీలో తీసిన ఒంగోలు గిత్త. తెల్లటి ఒళ్ళు, మెడ దగ్గరా మూపురం మీదా బూడిద నీడ. తెలుపులో వివరం నిలుస్తుందా పోతుందా అని మూపురం చెబుతుంది. ఏ కాస్త రంగు కొట్టినా ఆ తెల్లటి ఒంటిమీద వెంటనే పట్టుబడుతుంది. బూడిద కార్డు కన్నా గిత్త మేలు అని కొందరు నవ్వుతారు గానీ, పసుపు కొట్టిన గిత్తను ఈ ప్రాంతం మనిషి క్షణంలో పట్టేస్తాడు, బూడిద కార్డును పట్టడు.

రెండు, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ ఖనిజం వల్ల వచ్చినవి. నలుపులో నలుపు తేడా తెలియాలంటే ఇంతకు మించిన పరీక్ష లేదు. తెర నలుపుని మింగేస్తే పలక తారు రోడ్డులా ఉంటుంది, నలుపుని లేపేస్తే పొగ పట్టినట్టుంటుంది.

మూడు, గొడవ తెచ్చిన ఆ పెళ్ళికూతురి క్లోజప్పే, ఏ కరెక్షనూ లేకుండా. రాణి రంగు పట్టు, జరీ అంచు, మొహాన పసుపు ఛాయ.

ఆర్డర్‌లో ఒక మాట స్పష్టంగా రాయాలి: కలర్ కరెక్షన్, డెన్సిటీ (ముదురు, లేత) కరెక్షన్ ఏదీ వద్దు. రాయకపోతే ఆపరేటర్ మంచికే అనుకుని రెండు పాయింట్లు డెన్సిటీ తగ్గిస్తాడు, అప్పుడు మీ పరీక్ష మెషీన్‌ది కాదు, ఆయన చెయ్యిది అవుతుంది. షీట్లు రెండు కొట్టించి ఒకటి ల్యాబ్‌లోనే ఉంచమన్నాం. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

షీట్ వచ్చింది. బూడిద గళ్ళలో ఏ రంగూ లేదు. మూపురం మీద నీడ ఉంది. పలకలో చుక్కలు లెక్కపెట్టొచ్చు. 0, 15 గళ్ళు మాత్రం ఇంచుమించు కలిసిపోయాయి. అది తప్పు కాదు, కాగితం తత్వం. సిల్వర్ హాలైడ్ ఫోటో కాగితం మీద ముదురు నలుపు సాంద్రత 2.2 అనుకుంటే, పడిన వెలుగులో 0.6 శాతం తిరిగొస్తుంది. ఎస్ఆర్‌జీబీలో 15 విలువ ఉన్న బూడిద, తెలుపులో అర శాతం కూడా లేదు. కాగితం నలుపు కన్నా ముదురైన దాన్ని కాగితం చూపించలేదు కదా.

ల్యాబ్ నిర్దోషి అని అక్కడితో తేలింది.

కాగితానికి ఎంత వెలుగు, తెరకు అంత వెలుగు

ఈ కేసు మొత్తానికి కీలకం ఈ లెక్క. ఎక్కువమంది దీన్ని వదిలేసి గామట్ శాతాల వెంట పడతారు.

తెల్ల కాగితం తనంతట వెలగదు. దాని మీద పడే వెలుగును, అంటే లక్స్‌ను, 0.85తో గుణించి 3.14తో భాగిస్తే ఆ కాగితం తెలుపు ఎన్ని నిట్స్‌లో కనిపిస్తుందో వస్తుంది. 0.85 అంటే కాగితం తిప్పి పంపే వెలుగు వాటా. పెళ్ళివారి హాల్లో రాత్రిపూట ఎల్ఈడీ బల్బు కింద 150 లక్స్ ఉందనుకోండి, ఆల్బమ్ తెలుపు 40 నిట్స్. మొదటి సీటు తెర 310 నిట్స్. ఆ తెరతో సమానంగా కాగితం వెలగాలంటే దాని మీద 1150 లక్స్ దాకా పడాలి. ఇళ్ళలో ఆల్బమ్ అంత వెలుతురులో ఎవరూ తిప్పరు.

310 నిట్స్ తెరమీద మొహం మరీ తెల్లగా కొడుతుంటే ఎడిటర్ ఏం చేస్తాడు? ఎక్స్‌పోజర్ లాగుతాడు, కర్వ్ మధ్యలో కిందికి నొక్కుతాడు. తెర నీలం కొడుతుంటే వెచ్చదనం కలుపుతాడు. ప్రింటులో పెళ్ళికొడుకు పట్టుపంచె పసుపు కొట్టడానికీ, మొహాలు ముదురెక్కడానికీ కారణం ఇదే. ఇక వీఏ ప్యానెల్ 3000:1 కాంట్రాస్ట్ అని డబ్బా మీద రాసిన గొప్ప ఇక్కడ ఎదురు తన్నింది. కాగితం తెలుపుకీ నలుపుకీ నిష్పత్తి 130:1 చుట్టుపక్కల. తెరమీద ముద్దుగా కనిపించిన చీకటి వివరం కాగితం మీదికి దిగదు.

కొనుగోలు సంగతి తర్వాత, ముందు ఉన్న మానిటర్ మీదే డైనమిక్ కాంట్రాస్ట్ తీసేసి, బ్రైట్‌నెస్ దించి, 110 నిట్స్‌కు తెచ్చి, అవే ముహూర్తం ఫోటోలు రెండు మళ్ళీ ఎడిట్ చేయించి ప్రింటు తెప్పించాం. పైసా పెట్టుబడి లేకుండా ముదురు సమస్య ముప్పాతిక పోయింది. వీఏ ప్యానెల్‌తో మిగిలిన చిక్కు వేరు: తల కొంచెం పక్కకు జరిపితే నీడలు తేలిపోతాయి, ఎదురుగా చూస్తే మునిగిపోతాయి. ఆల్బమ్ పనికి అది కుదరదు, ముఖ్యంగా ఓనరు పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు.

ఏ మానిటర్, ఎందుకు

ల్యాబ్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఫైలు ఏ కలర్ స్పేస్‌లో (రంగుల పరిధిలో) తీసుకుంటారు? ఈ ల్యాబ్ జవాబు చాలా ల్యాబ్‌ల జవాబే, ఎస్ఆర్‌జీబీ జేపెగ్. ఆ ఒక్క జవాబుతో బేరం సగం తేలిపోయింది. అడోబ్ ఆర్‌జీబీ (ఎస్ఆర్‌జీబీ కన్నా పెద్ద పరిధి) 99% చూపించే మానిటర్ కొంటే ప్రింటుకు చేరని రంగుల్ని చూసుకుని మురిసిపోవడమే. పైపెచ్చు వైడ్ గామట్ తెరమీద కలర్ మేనేజ్‌మెంట్ (ప్రొఫైల్ చదివి రంగు సర్దడం) లేని సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఎస్ఆర్‌జీబీ ఫోటో తెరిస్తే రంగులు మండుతాయి. ఫోటోషాప్ సరిగా చూపిస్తుంది, ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు అన్నీ చూపిస్తాయన్న నమ్మకం లేదు. ఇద్దరు ఎడిటర్లు రెండు రకాల సాఫ్ట్‌వేర్ వాడే చోట అది కొత్త గొడవ.

పరిశీలించినవి మూడు తరగతులు. మొదటిది ఏసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ లాంటివి: 27 అంగుళాలు, 2560×1440, ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్ రకం), ఎస్ఆర్‌జీబీ 100%. రెండోది బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ270సీ తరహా: అదే సైజు, అదే రిజల్యూషన్, అడోబ్ ఆర్‌జీబీ 99%, హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ (కొలిచి చేసిన సవరణను మానిటర్ లోపలే ఉంచుకోవడం), పక్క వెలుగు పడకుండా తెర చుట్టూ హుడ్. మూడోది ఐజో కలర్‌ఎడ్జ్ సీజీ శ్రేణి, ప్రోబ్ లోపలే అమర్చి వస్తుంది, తనను తానే కొలుచుకుంటుంది. మూడోదానికి పెట్టే డబ్బుతో ఈ స్టూడియో రెండు సీట్లకూ మొదటి తరగతి మానిటర్లు, ఒక ప్రోబ్, మంచి ట్యూబులు, గోడకు రంగు అన్నీ వేయించుకోవచ్చు. అలాగే చేశారు. రెండు సీట్లకూ ఒకే మోడల్, ఒకే రోజు కొనడం కావాలని చేసిందే. రెండు తెరలు ఒకదానితో ఒకటి కలవకపోతే ఒక ఆల్బమ్‌లో రెండు పెళ్ళిళ్ళు కనిపిస్తాయి.

27 అంగుళాలే ఎందుకంటే, ఈ తెర ఎత్తు సుమారు 13.2 అంగుళాలు, వెడల్పు 23.5. 12 అంగుళాల ఎత్తున్న షీట్‌ను అసలు సైజులో నిలువునా చూడొచ్చు, సగం స్ప్రెడ్ 18 అంగుళాలు అడ్డంగా పడుతుంది. తెర అంగుళానికి 109 పిక్సెళ్ళు, ఫైలు 300. కాబట్టి జూమ్ 36% పెడితే కాగితం మీద ఎంత సైజో తెరమీద అంతే. ఎడిటర్లు 100% జూమ్‌లో మొహాలు నున్నగా రుద్దే అలవాటుకు ఈ 36 ఒక పగ్గం. 27 అంగుళాల 4కె తెరైతే ఈ అంకె 54 అవుతుంది. 4కె చెడ్డదని కాదు, పాత గ్రాఫిక్స్ కార్డులున్న ఈ కంప్యూటర్లకు అది అనవసరపు బరువు.

డబ్బా మీది మాటల్లో పట్టించుకోవాల్సినవి: ఐపీఎస్, మ్యాట్ తెర, ఆర్‌జీబీ గెయిన్‌లు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు) విడివిడిగా తిప్పుకునే వీలు, ఎత్తు దించుకునే స్టాండు. హెచ్‌డీఆర్, రిఫ్రెష్ రేటు, మిల్లీసెకన్లు ఫోటో పనికి పనికిరావు. ఫ్యాక్టరీలోనే డెల్టా ఈ (చూపించాల్సిన రంగుకీ చూపించిన రంగుకీ తేడా) 2 లోపు అని కాగితం ఇస్తారు, మంచిదే, కానీ అది ఫ్యాక్టరీలో వాళ్ళ బ్రైట్‌నెస్ దగ్గర కొలిచింది. మీ గదిలో మీ 110 నిట్స్ దగ్గర కాదు. ప్రోబ్ లేకుండా మానిటర్ కొనేకంటే, ఉన్న మానిటర్ ఉంచుకుని ప్రోబ్ కొనడం నయం.

గది

గోడకు లేత బూడిద మ్యాట్ రంగు, కిటికీకి మందపాటి పరదా. ఎడిటర్ల తల పైన కాంతి తగ్గించి, తెర మీద నేరుగా ఏ ట్యూబూ మెరవకుండా చూశాం. ప్రింటు చూడటానికి వేరే టేబుల్: 5000 కెల్విన్, సీఆర్ఐ 95 ఉన్న ట్యూబులు రెండు, బల్ల ఎత్తులో 400 లక్స్ వచ్చేలా. పై లెక్కలో 400 పెడితే 108. తెర లక్ష్యం 110 నిట్స్ అని పుట్టింది అక్కడి నుంచే. మీ టేబుల్ మీద 300 లక్సే ఉంటే మీ తెర 80 నిట్స్‌కే ఆగాలి. ఎవరో చెప్పిన 120ని కళ్ళు మూసుకుని పెట్టడం కాదు. ప్రింట్లు తూచే పనికి ఐఎస్ఓ 3664 ప్రమాణం డీ50 (5000 కెల్విన్) వెలుగు అడుగుతుంది, నిశిత పోలికకు 2000 లక్స్, మామూలు పరిశీలనకు 500. స్టూడియోకి రెండోదానికి దగ్గరగా ఉంటే చాలు.

క్యాలిబ్రేషన్ చేసిన తీరు

క్యాలిబ్రేషన్ అంటే ప్రోబ్‌తో కొలిచి తెరను సర్దడం. ముందు మానిటర్ అరగంట వెలిగి ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో పొద్దున్నే ఏసీ వెయ్యని గదిలో ఒక రీడింగు, గంట తర్వాత చల్లబడ్డాక ఒక రీడింగు వేరుగా వస్తాయి, కాబట్టి పని చేసే వేళ ఎలా ఉంటుందో అలా ఉంచి కొలవాలి. విండోస్‌లో నైట్ లైట్, మానిటర్ మెనూలో ఎకో, బ్లూ లైట్ ఫిల్టర్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆఫ్. ఎస్ఆర్‌జీబీ ప్రీసెట్ వద్దు, చాలా మానిటర్లలో అది పెడితే బ్రైట్‌నెస్ బిగుసుకుపోతుంది. యూజర్ మోడ్ పెట్టాలి.

డిస్‌ప్లేక్యాల్ అనే క్యాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, చాలా ప్రోబ్‌లతో పని చేస్తుంది. అందులో లక్ష్యాలు: తెలుపు డీ65 (6500 కెల్విన్), వెలుగు 110 నిట్స్, గామా (నలుపు నుంచి తెలుపుకు వెలుగు పెరిగే తీరు) 2.2. ప్రోబ్ కరెక్షన్ దగ్గర తెర వెనక లైటు రకం ఎంచుకోవాలి, ఈ మానిటర్‌కు మామూలు వైట్ ఎల్ఈడీ. వైడ్ గామట్ రకం ఎంచుకుంటే ప్రోబ్ తప్పు చదువుతుంది, తెలుపు గులాబీకో ఆకుపచ్చకో జరుగుతుంది, రిపోర్టులో మాత్రం డెల్టా ఈ చక్కగానే వస్తుంది. ఇది పట్టుకోవడం కష్టం. అనుమానం వస్తే తెల్ల తెర పక్కన 5000 కెల్విన్ టేబుల్ మీది ఖాళీ ఫోటో కాగితం ఉంచి చూడండి. తెర కొంచెం చల్లగా ఉండటం సహజం, ఆకుపచ్చగా ఉంటే మాత్రం సెట్టింగ్ తప్పు.

తర్వాత మానిటర్ బటన్లతోనే ఆర్‌జీబీ గెయిన్ సర్దాలి. ఎక్కువున్న రంగు తగ్గించాలే గానీ తక్కువున్నది పెంచకూడదు. మొదటి సీట్లో ఎరుపు 100, ఆకుపచ్చ 96, నీలం 91, బ్రైట్‌నెస్ 28 దగ్గర కుదిరింది. ఈ అంకెలు మీ మానిటర్లో పెట్టకండి, అదే మోడల్ పక్క సీట్లో నీలం 94 పడింది. బటన్లతో ఎంత దగ్గరికి తెస్తే గ్రాఫిక్స్ కార్డు మీద అంత భారం తగ్గుతుంది. భారమంతా కార్డుకే వదిలేస్తే 8 బిట్ మెట్లలో కొన్ని మాయమై, ఆకాశంలోనూ గోడల మీదా గీతలు పడతాయి. హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ మానిటర్లకు అదనపు డబ్బు ఇచ్చేది ఈ బాధ తప్పించుకోవడానికే, సవరణ మానిటర్ లోపలి పట్టికలోకి వెళ్తుంది.

ముగిశాక కొలత: 109 నిట్స్, 6520 కెల్విన్, సగటు డెల్టా ఈ 0.9, అత్యధికం నీలంలో 2.4. తెరను తొమ్మిది భాగాలు చేసి బూడిద రంగు నింపి కొలిస్తే కుడి కింది మూల మధ్య కన్నా 12 శాతం తక్కువ. ఈ ధరలో ఇది మామూలే. ఎడిటర్లకు చెప్పిందల్లా మొహం తూచేటప్పుడు దాన్ని తెర మధ్యకు తెచ్చుకోమని.

ఎదురైన చిక్కులు

రెండో సీట్లో లాప్‌టాప్‌కు మానిటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలిపారు. కంట్రోల్ షీట్ తెరిస్తే 0 గడి నల్లగా లేదు, బూడిద కొడుతోంది, గెలాక్సీ పలక పొగ పట్టినట్టుంది. గ్రాఫిక్స్ కార్డు టీవీ అనుకుని 16 నుంచి 235 దాకానే పంపుతోంది. డ్రైవర్ సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కి మార్చి మళ్ళీ క్యాలిబ్రేట్ చేశాం. ఇది సరిచెయ్యకముందు చేసిన ప్రొఫైల్ పనికిరాదు.

మొదటి సీట్లో కంప్యూటర్ నిద్ర లేచినప్పుడల్లా తెర మళ్ళీ జరుగుతోంది. ప్రొఫైల్ పోలేదు, కార్డులోకి ఎక్కించిన సవరణ జారిపోయింది. ప్రోబ్‌తో వచ్చిన లోడరు (సవరణను కార్డులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం), డిస్‌ప్లేక్యాల్ లోడరు రెండూ నడుస్తూ ఒకదాన్నొకటి తోసేస్తున్నాయి. ఒకదాన్ని తీసేశాం.

అన్నిటికన్నా ఎక్కువ పేజీలు పాడు చేసింది మాత్రం తెర కాదు, ఫైళ్ళు. రెండో కెమెరామెన్ కెమెరా అడోబ్ ఆర్‌జీబీలో ఉంది. ఇది పట్టడానికి సులువు: ఫైల్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే అడోబ్ ఆర్‌జీబీ. నికాన్‌లో డీఎస్‌సీ ముందు, క్యానన్‌లో ఎంజీ ముందు ఆ గీత వస్తుంది. ఇలాంటి ఫోటోను ఎస్ఆర్‌జీబీ టెంప్లేట్‌లోకి మార్చకుండా పడేస్తే రంగులు చచ్చిపోతాయి, చర్మం మట్టి కొడుతుంది. ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్ ఎస్ఆర్‌జీబీ, ప్రొఫైల్ కలవకపోతే అడగమని టిక్కు పెట్టాలి. అడిగినప్పుడు కన్వర్ట్ అనాలి. అసైన్ అంటే అంకెలు అలాగే ఉంచి అర్థం మార్చడం, కన్వర్ట్ అంటే రంగు అలాగే ఉంచి అంకెలు మార్చడం. బజారులో కొన్న ఫోటోషాప్ (పీఎస్‌డీ) టెంప్లేట్‌లలో ప్రెస్సు ముద్రణకు వాడే సీఎంవైకేవీ ఉన్నాయి, ప్రొఫైలే లేనివీ ఉన్నాయి. వాటిని ఒక రోజు కూర్చుని అన్నిటినీ మార్చేశారు.

ఇంకొకటి వాట్సాప్. పెళ్ళివారు డిజైన్‌కు సరే అనేది ఫోనులో, అదీ రంగులు ఎక్కువ చేసి చూపించే వివిడ్ మోడ్‌లో. ఆల్బమ్ వచ్చాక చప్పగా ఉందంటారు. డిజైన్లు పంపే మెసేజ్ కిందే, ఫోను డిస్‌ప్లేను నేచురల్‌లో పెట్టి చూడమని ఒక వాక్యం చేర్చడం మొదలుపెట్టారు. అందరూ పెట్టరు, ఆ వాక్యం ఉన్నందుకు తర్వాత మాట మాత్రం తగ్గుతుంది.

చీర దగ్గరికి వస్తే

రాణి రంగు చీర ఫైల్లో ఎరుపు ఛానెల్ చూస్తే మడత మీదా 255, మడత లోపలా 255. కుచ్చిళ్ళు అందుకే పోయాయి. కొత్త తెరమీద అది మొదటిసారి కనబడింది. రా ఫైలు (కెమెరా ఇచ్చిన అసలు ఫైలు) మళ్ళీ తెరిచి, మెజెంటా, ఎరుపుల ల్యూమినెన్స్ (వెలుగు) 15 దాకా తగ్గించి, వైబ్రెన్స్ సున్నాకు తెచ్చి, చీర మీద ఎరుపు అత్యధికం 240 దాటకుండా చూస్తే మడతలు తిరిగొచ్చాయి. జరీ కూడా పసుపు గీతలా కాకుండా లోహంలా మెరిసింది. ల్యాబ్ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్‌తో (వాళ్ళ మెషీన్, కాగితం రంగుల చీటీతో) ఫోటోషాప్ ప్రూఫ్ సెటప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెరమీదే చూడటం) చూసుకోవాలి, పర్సెప్చువల్, రిలేటివ్ అనే రెండు మార్పిడి పద్ధతులూ మార్చి చూసి మడతలు బాగా నిలిచేది ఎంచుకోవాలి. ఆ ప్రొఫైల్ చూడటానికే. ల్యాబ్ అడక్కుండా ఫైల్‌ను అందులోకి మార్చి పంపితే రెండుసార్లు మార్పు జరిగి రంగు చెడుతుంది.

నెమలికంఠం రంగు చీరకు మాత్రం ఈ ఏర్పాటు చాలలేదు. ఆ నీలిపచ్చ ఎస్ఆర్‌జీబీ ఆవలి గట్టున ఉంటుంది. మార్పిడిలో ఎరుపు ఛానెల్ సున్నాకు పడిపోయి చీర కాస్త నీలంగా, బల్లపరుపుగా దిగుతుంది. కల్యాణ మండపాల్లో ఎల్ఈడీ పార్ లైట్ల (స్టేజీ రంగు దీపాల) ఊదా కూడా ఇంతే. ఎస్ఆర్‌జీబీయే తీసుకునే ల్యాబ్ ఉన్నంతకాలం ఏ మానిటరూ దీన్ని తీర్చలేదు. స్టూడియో రేపు సొంతంగా పిగ్మెంట్ ఇంక్‌జెట్ పెట్టుకుని పెద్ద ఫ్రేములు అక్కడే కొడితే లెక్క మారుతుంది. అప్పుడు రెండో తరగతి మానిటర్ ఒకటి అవసరమే, దాన్ని ఆ ప్రింటర్ ఉన్న సీటుకే పెట్టాలి.

ఆ తర్వాత

మానిటర్ బటన్ల మీద టేపు అంటించారు. నెల నెలా క్యాలిబ్రేషన్, మధ్యలో డ్రైవర్ అప్‌డేట్ అయితే వెంటనే. కంట్రోల్ షీట్‌ను నల్ల కవర్లో బీరువాలో ఉంచుతారు, వెలుగులో వదిలేస్తే రంగులు వెలిసిపోతాయి. మూడు నెలలకొకసారి అదే ఫైలును ల్యాబ్‌కు పంపి కొత్త షీట్ తెప్పించి, పాత దాని పక్కన 5000 కెల్విన్ టేబుల్ మీద పెడతారు.

రెండోసారి తెప్పించిన షీట్లో 45 నుంచి 90 దాకా గళ్ళు లేత ఆకుపచ్చ కొట్టాయి. గిత్త మెడ కింద నీడ నాచు పట్టినట్టుంది. ప్రోబ్‌తో తెర చూశారు, తెర సరిగ్గానే ఉంది. ల్యాబ్‌కు ఫోన్ చేసి, మీ దగ్గరున్న పాత షీట్ పక్కన అదే ఫైలు ఇంకోటి కొట్టి పెట్టి చూడండన్నారు. ఆపరేటర్ చూశాడు. ఆ వారమే కెమికల్ మార్చారట, మార్చాక టెస్ట్ స్ట్రిప్ కొట్టి మెషీన్‌తో చదివించడం మరిచారట. సాయంత్రానికి మెషీన్ సరిచేసి షీట్ మళ్ళీ కొట్టి బస్సు పార్సిల్‌లో వేశారు, బిల్లు వెయ్యలేదు.